నాన్న దాచిన పన్నెండు వెండి నాణేలు ఎవరివి?

హబ్సిగూడ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పొడవుగా ఉంది కాబట్టి అవసరమైనంత వరకు కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 41 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, భర్త, ఒక పాప. అన్నయ్య 2007లో చదువు కోసం ఆస్ట్రేలియాలోని పెర్త్ వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ఆ ఊరి టంకశాల, పెర్త్ మింట్, చైనా వాళ్ల పన్నెండు జంతువుల చక్రంలో ఆ ఏడాదికి వచ్చే జంతువు బొమ్మతో ఏటా వెండి నాణెం వేస్తుంది. 2008 ఎలుక నుంచి 2019 పంది దాకా అన్నయ్య ఏటా ఒకటి నాన్నగారికి తెచ్చేవారు. తను రాలేని ఏడాది ఎవరో ఒకరి చేత పంపేవారు. నాన్నగారు వాటిని ఒక బిస్కెట్ డబ్బాలో వరసగా పేర్చి, ఏ నాణెం ఏ తేదీన వచ్చింది, ఎవరు తెచ్చారు, ఎన్ని డాలర్లు పడింది అన్నీ ఒక పాత డైరీలో రాసుకునేవారట. పంది నాణెం చూసి అమ్మ ముఖం చిట్లిస్తే "వరాహావతారం అనుకో, ఏం పోయింది?" అన్నారట. ఏడాదిన్నర క్రితం ఆయన పోయారు. వీలునామా రాయలేదు.

ఇక ఆమె మాటల్లోనే: "చివరి రెండేళ్లూ నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్. తీసుకెళ్లింది నేనే. అప్పట్లో ఒకటి రెండుసార్లు 'ఆ డబ్బా నీకేనమ్మా' అన్నారు. గదిలో ఇంకెవరూ లేరు. డబ్బా మాత్రం అమ్మ బీరువాలోనే ఉంది. ఇప్పుడు అన్నయ్య 'నేను కొన్నవి నాకే రావాలి, కనీసం డ్రాగన్ అయినా ఇవ్వు, మావాడు 2012లో పుట్టాడు' అంటున్నాడు. వదిన చెరో ఆరు తీసుకోమంటోంది. అమ్మేమో కరిగించి చెరో వెండి కంచం చేయించుకోండి, గొడవ వదిలిపోతుంది అంటోంది. మా పాప 2014 భోగి రోజున పుట్టింది. గుర్రం నాణెం దానికి ఇవ్వాలని నా కోరిక. ఇంతలో తెలిసిందేమిటంటే, నల్లబడ్డాయని అమ్మ నాలుగు నాణేలు బయటికి తీసి వరలక్ష్మీ వ్రతానికి పీతాంబరి పెట్టి తోమింది. పాము నాణేనికి నాగుల చవితి నాడు పాలు పోసింది. దాని మీద ఇప్పుడు తెల్లటి మచ్చలు. వీడియో కాల్‌లో అన్నయ్య ముందే అమ్మ మీద అరిచేశాను. అప్పటినుంచి అమ్మ ఆ అర తెరవడమే మానేసింది. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో ఒక షాపులో చూపిస్తే, హాల్‌మార్క్ లేదు, కరిగించే వెండి రేటే ఇస్తాం, అందులోనూ కొంత తీసేస్తాం అన్నారు. సంక్రాంతికి అన్నయ్య వస్తున్నాడు. నాకు ఒకటే టెన్షన్. ఘట్‌కేసర్ స్థలం పంచుకున్నప్పుడు కూడా మేం ఒక్క మాట అనుకోలేదు. ఇప్పుడు వెండి కోసం నేను కక్కుర్తి పడుతున్నానా?"

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను.

మీ దగ్గరున్న ఒక్కో నాణెం ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాములు. కనీసం 99.9 శాతం వెండి. పన్నెండూ కలిపి 373 గ్రాములు. పాత తులాల లెక్కలో సరిగ్గా ముప్పై రెండు తులాలు. కిలో వెండి రెండు లక్షలు అనుకుంటే మొత్తం 75 వేల రూపాయలు. రేటు ఎంత ఎగిరినా, ఘట్‌కేసర్ స్థలం ముందు ఇది ఏపాటి? అంత ఆస్తికి మాట్లాడకుండా సంతకాలు పెట్టిన అన్నాచెల్లెళ్లు ఇంత చిన్న డబ్బా దగ్గర పట్టుబట్టారంటే, అది డబ్బు మీద ఆశ కాదు. మీదీ కాదు, మీ అన్నయ్యదీ కాదు. దూరంగా ఉన్నా ఏటా గుర్తుపెట్టుకుని నాన్నకి ఒకటి పంపానని చెప్పుకోవడానికి ఆయనకి మిగిలింది ఆ డబ్బా. రెండేళ్లు ఆసుపత్రి చుట్టూ తిరిగిన మీకు, మీ కష్టం నాన్నకి తెలుసు అనడానికి మిగిలింది "నీకేనమ్మా" అన్న ఆ మాట. అన్నయ్య "నావి" అన్నప్పుడల్లా నాన్న ఆ మాట అనలేదు అన్నట్టు మీకు వినపడుతోంది. మీరు "నావి" అన్నప్పుడల్లా ఆయనకి తన పన్నెండేళ్లూ లెక్కలోకి రానట్టు వినపడుతోంది. సంక్రాంతికి మాట్లాడుకునేటప్పుడు నాణేల సంగతి కంటే ముందు ఈ సంగతి బయటపడితే మంచిది. మీరే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఉత్తరం రాసింది మీరు.

చట్టం ఏమంటుందో కూడా చెబుతాను. దాని మీద పోట్లాడమని కాదు, ఇద్దరూ తప్పు లెక్కలో ఉన్నారు కాబట్టి. అన్నయ్య కొన్నవే అయినా, నాన్నగారి చేతికి ఇచ్చిన రోజున అవి నాన్నగారివైపోయాయి. ఇచ్చిన కానుక ఇచ్చినవాడిది కాదు. మీ విషయానికొస్తే, ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం నగలు, నాణేల్లాంటివి దానంగా ఇవ్వాలంటే రిజిస్టరు కాగితమైనా ఉండాలి, వస్తువైనా చేతికి అప్పగించాలి. డబ్బా అమ్మ బీరువాలోనే ఉండిపోయింది. నోటి మాట వీలునామా కూడా కాదు. అందుకని హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ ఇంట్లో అవి ముగ్గురివి: అమ్మ, అన్నయ్య, మీరు, తలా మూడో వంతు. అన్నయ్యకి పన్నెండూ రావు. మీకూ రావు. వదినగారు చెప్పిన ఆరు-ఆరులో అమ్మ వాటా ఎక్కడుంది? ఆవిడని కంచాల సంగతి తప్ప మీరెవరూ ఏమీ అడిగినట్టు లేదు. నాకు అనిపించేది, ఆవిడకి కంచాలు కావాలనీ కాదు. మీరిద్దరూ పోట్లాడుకోకుండా ఉండాలని ఏదో ఒక దారి చెప్పారు.

ఆ తోమడం గురించి. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా నొచ్చుకున్న మనిషి అమ్మ.

వెండి నల్లబడేది గాలిలోని గంధకం వల్ల. మనకది మురికి. వ్రతానికి ముందు వెండి సామాను పీతాంబరితోనో, చింతపండుతోనో, విబూదితోనో తోమని ఇల్లు హైదరాబాద్‌లో ఎన్ని ఉంటాయి? నాణేలు సేకరించేవాళ్ల దృష్టి వేరు. వాళ్లకి టంకశాల నుంచి వచ్చినప్పటి ఉపరితలమే ప్రాణం. ఆ నలుపు సమంగా పరుచుకుంటే కొందరు ఇష్టపడి కూడా కొంటారు. పొడి పెట్టి రుద్దితే వెలుతురులో వంచి చూసినప్పుడు వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు కనపడతాయి. అవి మళ్లీ పోవు. కాబట్టి ఆ నాలుగింటికీ ఇక వెండి రేటే అనుకోండి. మిగతావి తోమినట్టు మీరు రాయలేదు, అది నయం. ఈ సంగతి అమ్మకి ఎవరైనా ముందే చెప్పారా? నాన్నగారు డైరీలో అన్నీ రాశారు గానీ, "దీన్ని తోమకు" అని ఇంట్లో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

పాము నాణెం మీద మచ్చల కథ ఇంకోలా ఉంది. పాలలా తెల్లటి మచ్చలు వెండి బులియన్ నాణేల (లోహం విలువ కోసం కొనేవాటి) మీద ప్రపంచమంతటా కనపడతాయి. టంకశాల పెట్టిచ్చే చిన్న ప్లాస్టిక్ డబ్బీ మూత అసలు తీయని నాణెం మీద కూడా కొన్నేళ్లకి తేలతాయి. కెనడా మేపుల్ లీఫ్ నాణేలకి ఈ విషయంలో చాలా చెడ్డపేరు. పెర్త్ నాణేలకీ తప్పదు. ముద్ర వేయడానికి ముందు వెండి బిళ్లల్ని కడిగే రసాయనం పూర్తిగా పోక, ఆ తర్వాత వేడికి అది లోహంలో అంటుకుపోవడం వల్ల వస్తాయని ఎక్కువమంది అనుకుంటారు. సేకరణదారులు వాటిని పిలిచేదే మిల్క్ స్పాట్స్ అని! అమ్మ పోసిన పాల వల్ల ఆ మచ్చలు వచ్చాయని మీరు తేల్చేశారు. అలా తేల్చలేం. పాలు పోయకపోయినా వచ్చి ఉండొచ్చు. (ఆస్ట్రేలియాలో అచ్చయిన పాముకి హైదరాబాద్‌లో నాగుల చవితి జరిగిందంటే, నాకైతే నవ్వొచ్చింది. మీ నాన్నగారు ఉంటే ఆయనా నవ్వేవారేమో.)

అన్నయ్య రాకముందే మీరే ఆ అర తెరవండి, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని. మచ్చల సంగతి చెప్పండి. వీడియో కాల్‌లో అన్నయ్య ముందు అన్న మాటకి అన్నయ్య ముందే సారీ చెప్పండి. నాణేలు అంచుల దగ్గర పట్టుకుని మళ్లీ డబ్బీల్లో పెట్టించండి, అమ్మ చేతనే. ఇకమీద తుడవొద్దు, ఏ ద్రావణంలోనూ ముంచొద్దు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు, న్యూస్‌పేపర్ చుట్టలు వద్దు. డబ్బాలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేస్తే చాలు.

ఇప్పుడు దారులు.

కరిగించడం. పాట్ మార్కెట్ షాపువాళ్లు మిమ్మల్ని మోసం చేయలేదు. వాళ్లది లోహం వ్యాపారం. బీఐఎస్ హాల్‌మార్క్ ముద్ర లేని విదేశీ నాణెం వాళ్లకి ముడి వెండే. కానీ కంచాలు చేయిస్తే తరుగు పోతుంది, మజూరీ, జీఎస్టీ పడతాయి. చేతికొచ్చే కంచంలో వెండి స్వచ్ఛత 99.9 ఉండకపోవచ్చు. చెరి 186 గ్రాముల వెండికి వచ్చేది ఫలహారం పళ్లెం, భోజనం కంచం కాదు. పైగా ఇది వెనక్కి తిప్పలేని పని. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపు వెండి రూపాయలు మన ఊళ్లో ఎన్ని ఇళ్లలో పిల్లల పట్టీలైపోయాయో పాతబస్తీలో ఏ కంసాలినైనా అడగండి. అమ్మ మనసారా కంచాలే కావాలంటే మీరిద్దరూ కొనిపెట్టొచ్చు. వీటిని ముట్టుకోనక్కర్లేదు.

అమ్మడం. ముందు అవి అసలైనవో కాదో చూపించుకోవాలి. అన్నయ్య నేరుగా పెర్త్‌లో కొన్నారు కాబట్టి మీకు ఆ భయం తక్కువ. ఆయన పాత బిల్లులు వెతికితే ఇంకా మంచిది. మీవి పెర్త్ మింట్ రెండో వరసలోవి. ఆ వరస 2008 నుంచి 2019 దాకా నడిచింది. ఒక ఔన్సు వెండి నాణేలకి ఏడాదికి మూడు లక్షలు అని పరిమితి పెట్టుకున్నారు. మూడు లక్షలంటే అపురూపం ఏమీ కాదు, కానీ కొత్తగా అచ్చవ్వవు. అందుకే మంచి స్థితిలో ఉన్నవి వెండి ధర కంటే కాస్త ఎక్కువకే పోతాయి. డ్రాగన్‌కి గిరాకీ ఎప్పుడూ ఎక్కువ. పూర్తి సెట్టుకి విడి నాణేల కంటే మెరుగైన ధర రావచ్చు, కానీ మీ సెట్టులో నాలుగు తోమినవి ఉన్నాయని కొనేవాళ్లకి ముందే చెప్పాలి. అమ్మితే పన్ను ఉంటుంది. వారసత్వంగా వచ్చినవాటికి కొన్న ధర, కొన్న తేదీ పాత యజమానివే లెక్కకొస్తాయి. రెండేళ్లు దాటినవి కాబట్టి లాభం మీద 12.5 శాతం. నాన్నగారి డైరీ, అన్నయ్య బిల్లులు ఇక్కడ పనికొస్తాయి. మీ ఉత్తరంలో డబ్బు అవసరం అన్న మాట ఎక్కడా లేదు. అందుకే ఈ దారి మీద ఎక్కువ చెప్పను.

పంచుకోవడం. సెట్టు విడిపోతే విలువ పోతుందని అన్నయ్య అన్నా, మీరు అన్నా, ఒక్కటి అడగండి: ఎవరైనా అమ్ముతున్నారా? ఎవరూ అమ్మకపోతే ఆ నష్టం కాగితం మీదే. మీ కుటుంబం మటుకు పంచుకోవడంలో చెడు లేదు. ఇక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. అన్నయ్య ఉన్నది ఆ నాణేలు పుట్టిన ఊళ్లోనే. ఆయనకి అక్కడ 2012 డ్రాగన్ మరొకటి, కాస్త ఎక్కువ పెట్టైనా, దొరుకుతుంది. మీకు హైదరాబాద్‌లో అంత తేలిక కాదు. అయినా ఆయనకి కావలసింది నాన్న దాచిన డ్రాగనే అనుకుంటే అదీ న్యాయమే. ఇచ్చేయండి.

మీ పాప విషయంలో మాత్రం ఒక చిన్న తిరకాసు ఉంది. చైనా వాళ్ల ఏడాది జనవరి 1న మొదలవ్వదు. 2014లో వాళ్ల కొత్త సంవత్సరం జనవరి 31న వచ్చింది. గుర్రం ఏడు అప్పుడే మొదలైంది. మీ పాప పుట్టింది భోగి నాడు. కాబట్టి వాళ్ల లెక్కలో తను పాము ఏడాది పిల్ల. మన లెక్కా అలాంటిదే కదా. తను పుట్టింది విజయ నామ సంవత్సరంలో, జయ మార్చి 31న ఉగాదికి గానీ రాలేదు. అంచేత మీ పాపకి చెందాల్సింది గుర్రం కాదు, వాళ్ల అమ్మమ్మ పాలు పోసిన ఆ పామే. ఈ కబురు అమ్మకి మీరు చెప్పకండి, పాప చేత చెప్పించండి. మీ మేనల్లుడు 2012 జనవరి 23కి ముందు పుట్టి ఉంటే వాడిది డ్రాగన్ కాదు, కుందేలు. ఆ తేదీ ఒకసారి కనుక్కోండి, లేకపోతే సంక్రాంతి రోజున మళ్లీ ఒక రగడ!

విడదీయకుండా ఉంచడం. నాకు మొగ్గు ఇటే ఉంది. నాణేలు ఇప్పుడున్నట్టే అమ్మ దగ్గరే ఉంటాయి. ఆవిడ ఉన్నంతకాలం ఆవిడవే అని మీ ఇద్దరూ ఒప్పుకుంటారు. ఆ తర్వాత ఏవి ఎవరివో ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకుని ముగ్గురూ సంతకం పెడతారు. అమ్మ వీలునామాలో అదే రాస్తే ఇంకా గట్టి. దీనివల్ల ఎవరూ ఈ సంక్రాంతికే గెలవక్కర్లేదు, ఓడక్కర్లేదు. ఇబ్బంది కూడా ఉంది: మళ్లీ వ్రతం వస్తుంది, మళ్లీ చుట్టాలొస్తారు, డబ్బా మళ్లీ బయటికొస్తుంది. దానికి తోడు, "అమ్మ దగ్గర" అంటే నిజానికి "చెల్లెలి ఊళ్లో" అని అన్నయ్యకి అనిపించొచ్చు. అలా అనిపిస్తే డైరీ ఆయనకివ్వండి. ఏటా అన్నయ్య పేరు, తేదీ నాన్న తన చేత్తో రాసుకున్న పుస్తకం అది. మీ గొడవలో ఎవరూ దాన్ని అడగకపోవడం నాకు వింతగా ఉంది. ఇచ్చేముందు ప్రతి పేజీ ఫొటో తీసుకోండి. రేపు అమ్మాల్సి వస్తే మీకూ ఆ లెక్కలు కావాలి.

మీరు మొత్తం తీసుకుని అన్నయ్యకి, అమ్మకి వాటా డబ్బు ఇవ్వడం అన్న దారి కూడా ఉంది. తలా పాతిక వేలు. చట్టరీత్యా శుభ్రమైన పని. కానీ నాన్నకి తను పంపిన కానుకలకి చెల్లెలు డబ్బు లెక్కగట్టి చేతిలో పెడితే అన్నయ్య ఎలా తీసుకుంటారో మీకే బాగా తెలుస్తుంది. ఆయన నోటి నుంచే ఆ మాట వస్తే తప్ప మీరు ఎత్తకండి.

మాట్లాడేటప్పుడు "నాన్న నాకే ఇచ్చారు" అని మొదలుపెట్టొద్దు. "నాన్న చివర్లో నాతో ఇలా అన్నారు, అది నీకు తెలియాలని చెబుతున్నాను. వాటా కోసం కాదు" అనండి. తర్వాత ఆయన్ని చెప్పనివ్వండి. ఒక్కో నాణెం ఎలా తెచ్చారో అడగండి. 2008లో చదువుకుంటున్న కుర్రాడు మొదటి నాణెం ఏ డబ్బుతో కొన్నాడో మీకు ఇప్పటికీ తెలియకపోవచ్చు. అప్పుడు వదినగారు కూడా పక్కనే ఉంటే మంచిది. ఆరు-ఆరు అన్నది ఆవిడ తగువు పెట్టడానికి కాదు, తెంపడానికే అయి ఉంటుంది.

ఇదంతా చేశాక కూడా అన్నయ్య "పన్నెండూ నావే" అని భీష్మించుకు కూర్చుంటే, మూడో వంతు లెక్క ఆయనకి ఒకసారి మర్యాదగా చెప్పండి. ఆపైన మీ ఇష్టం. లాయరు దగ్గరికి వెళ్లే హక్కు మీకుంది, కానీ 75 వేల ఆస్తిలో మీ వాటా పాతిక వేలు. దానికి నోటీసు ఖర్చు ఎంత, కోర్టు చుట్టూ తిరగడం ఎంత, ముందే అడిగి తెలుసుకోండి. లేదూ, డ్రాగన్‌తో పాటు అన్నయ్య అడిగినవి తీసుకెళ్లనిచ్చి, పాము ఒక్కటి పాప దగ్గర ఉంచుకుంటానన్నా అది ఓడిపోవడం కాదు. ఏది చేసినా అమ్మ వాటా సంగతి మాత్రం అమ్మనే అడిగి చేయండి.